కుడివైపు మామ టైర్లు, ఎడమవైపు నాయన టైర్లు

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఎక్కడుందో కబురైనా పంపని రోజులవి. అలాంటి రోజుల్లో ఆడపిల్లకు ఇంట్లో రెండే పనులు దొరుకుతాయి. ఒకటి, వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వడం. రెండు, "సదువుకున్నదానివి, నువ్వే సెప్పు" అన్నప్పుడల్లా తీర్పు చెప్పడం. నా కాఫీ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తీర్పు సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. కుప్పం బస్సులో వెళుతూ వి.కోట రాగానే చున్నీ నెత్తిన కప్పుకుంటాను. (ఎండకని పక్కసీటువాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.)

మా నాయనకూ, కుప్పంలో ఉండే మామకూ (అంటే అమ్మ తమ్ముడికి) కలిపి ఒక చిన్న లారీ ఉండేది. ఆరు టైర్ల బండి; ముందు రెండు, వెనక ఇరుపక్కలా జంటలుగా నాలుగు. దాన్ని ఇద్దరూ కలిసి కొనాలని పట్టుబట్టింది అమ్మే. అంతకుముందు ఏదో పెళ్ళిలో ఎవరి ఆకులో ముందు వడ్డించారన్న దగ్గర ఇద్దరికీ చెడి, ఏళ్ళ తరబడి మాటల్లేవు. అమ్మ పుట్టింటికి ఒంటరిగా బస్సెక్కి పోయేది, ఒంటరిగా బస్సు దిగేది. ఒకే స్టీరింగు పట్టుకుంటే మాటలైనా కలుస్తాయని ఆమె ఆశ. కలిశాయి కూడా. వారంలో సగం రోజులు నాయన మా సోమల పక్క తోటల్లోంచి మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలేవాడు. మిగతా సగం మామ కుప్పం నుంచి బెంగుళూరుకు కూరగాయలు తోలేవాడు. టైర్లు అరిగి నున్నబడేదాకా అంతా బాగానే ఉంది.

నాయనకు గడ్డల టైర్లు కావాలి, ఒళ్ళంతా మందపాటి గడ్డలతో బురదను పట్టుకుని లాగే రకం. మామకు గీతల టైర్లు కావాలి, చుట్టూ పొడుగు గీతలుండి తారురోడ్డు మీద తేలిగ్గా దొర్లుతూ డీజిలు మిగిల్చే రకం. "తోటలోంచి బండే బయటికి రాకుంటే మైలేజీ యాడ సూస్తావప్పా, బురదలోనా?" అని నాయన. "నీ గడ్డల టైరు తారు మీద గుయ్యిమని అరస్తా డీజిలు తాగతాది బావా, దానికి తాపలేక సస్తాండా" అని మామ. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఒకరిది అబద్ధమైతే ఏ తగవైనా తొందరగా తెగుతుంది, ఇద్దరిదీ నిజమైతేనే చావు.

చివరికి మదనపల్లెలో టైర్ల అంగడికి నలుగురం వెళ్ళాం. (టైర్లు కొనడానికి నలుగురెందుకంటే, అమ్మ లేకుండా వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోరు, నేను లేకుండా అమ్మ ఎక్కడికీ కదలదు.) అంగడి భాయ్ టీ తెప్పించి, ఇద్దరి గోడూ విని నవ్వాడు. "దీనికి పంచాయితీ యాల? ముందర గీతలవి రెండు, ఎనక గడ్డలవి నాలుగు. ముందరివి తిరగతాయి, ఎనకవి తోస్తాయి. అందరూ ఏసేది అట్లే గదా!" అన్నాడు. ఇందులో కొత్త సంగతేమీ లేదు. నాయనకూ తెలుసు, మామకూ తెలుసు, రోజూ వాళ్ళ గొడవ విని విని నాకూ తెలుసు. అయినా నాయన గొంతు సవరించుకున్నాడు. "అంటే, నావి ఎనకనా?" అన్నాడు. మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే, బావకు నాలుగు, నాకు రెండా?" అన్నాడు. భాయ్‌కి ఏమీ అర్థంకాక ఒకసారి టైర్లకేసీ, ఒకసారి వాళ్ళకేసీ చూశాడు. అమ్మకు మాత్రం ఆ పెళ్ళి వడ్డన మొత్తం కళ్ళముందు తిరిగిందేమో, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈడ గాని సెడిందంటే నేను మళ్ళా ఒంటిగా బస్సెక్కాల్సిందే పాపా. ఏదో ఒకటి సెప్పు" అంది చెవిలో.

చెప్పాను. "కుడిపక్కంతా మామవి, ఎడమపక్కంతా నాయనవి. ఇద్దరికీ ముందర ఒకటి, వెనక రెండు" అన్నాను. (ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా పెన్ను పక్కన పెట్టి కాసేపు గోడకేసి చూశాను.) ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. తోట దోవలో గుంతలన్నీ ఎడమపక్కే కాబట్టి నాయనకు తృప్తి. స్టీరింగు ఉండేది కుడిపక్క కాబట్టి మామకు గొప్ప. "సదువంటే ఇదప్పా!" అని నాయన. "నా మేనకోడలు జడ్జీ కావాల్సిన పిల్ల బావా!" అని మామ. భాయ్ ఒక్కడే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నక్కో అమ్మా, నక్కో! ఇది బండి, పంచుకునేకి ఆస్తి కాదు" అని మొత్తుకున్నాడు. వినేదెవరు? ఆఖరికి "మా అంగట్లో ఏసినామని మాత్రం యాడా సెప్పద్దండి సామీ" అని మాట తీసుకుని బిగించాడు. నేను ఆ పూట ఐస్‌క్రీమ్ తిన్నాను. బాగుందని ఇంకోటి కూడా తిన్నాను.

నెల తిరక్కుండానే మామ కుప్పంలో కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం వచ్చింది. కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆ ఇంటి ఆడబిడ్డ, అంటే అమ్మ. మాటల్లేని రోజుల్లో ఈ పని తనకు దక్కదనుకుని దిగులుపడిన మనిషి, కొత్త ఇత్తడి గిన్నె కొని వారంరోజులు దానికి దిష్టి తగలకుండా చీరలో చుట్టి దాచింది. ముందురోజు సాయంత్రం మామే స్వయంగా లారీ వేసుకుని అక్కను పిలుచుకుపోవడానికొచ్చాడు. ఇంట్లోకి ముందుగా అడుగుపెట్టడానికి మా పుంగనూరు పొట్టావునూ దూడనూ కూడా తీసుకుపోవాలి. వాన పట్టుకోవడంతో రాత్రి మా ఇంట్లోనే ఆగిపోయాడు. మర్నాడు పదకొండుకు ముహూర్తం, ఆ తర్వాత మూఢం. తెల్లారకముందే బయల్దేరాం, మామ స్టీరింగు దగ్గర, నేనూ పట్టుచీరలో అమ్మా పక్కన, వెనక ఆవూ దూడా నాయనా.

ఊరి దోవ దాటకుండానే బండి బురదలో దిగబడింది. మామ యాక్సిలేటరు తొక్కాడు. కుడిపక్క గీతల టైర్లు గిరగిరా తిరిగాయి. ఎడమపక్క గడ్డల టైర్లు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాయి. ఒక పక్క చక్రం జారితే ఇంజను బలమంతా ఆ పక్కకే పోతుందనీ, పట్టున్న టైరు ఉత్తపుణ్యానికి చూస్తూ ఉంటుందనీ ఆ రోజే తెలుసుకున్నాను. "బావా, నీ టైర్లు యాల కదలవు?" అని మామ ముందునుంచి అరిచాడు. "నీవి యాల నిలబడవప్పా?" అని నాయన ఆవు పక్కనుంచి అరిచాడు. పాల క్యాన్లతో పోయేవాళ్ళంతా ఆగారు. ఒక అవ్వ నడుం వంచి చక్రాలకేసి చూసి, "ఏందమ్మే, ఈ బండికి పక్షవాతమా? ఒగ పక్కే ఆడతాండాది!" అంది. అప్పుడు నాయన, దేవుడు చల్లగా చూడాలి ఆయన్ని, నిండు గర్వంతో "మా పాప సెప్పినట్ల ఏసినాం" అన్నాడు. ఊరు మొత్తం నావైపు తిరిగింది. ట్రాక్టరు తెచ్చి లాగేదాకా నేను దూడ వెనక దాక్కున్నాను.

తారురోడ్డెక్కాక కష్టం తీరుతుందనుకున్నాం. అక్కడ ఇంకో రకం. గడ్డల టైర్లు దొర్లడానికి మొరాయిస్తాయి కదా, బండి అదేపనిగా ఎడమకే గుంజసాగింది. నాయన వెనకనుంచి క్యాబిను బాది "ఎడమకు పోతాండావు, సూసుకో!" అనడం, "నేను పోవడం ల్యా బావా, నీ టైర్లు గుంజతాండాయి!" అని మామ స్టీరింగును కుడికి తిప్పిపట్టి ఆపసోపాలు పడటం. పుంగనూరు, పలమనేరు అలాగే దాటాం. అమ్మ ఒళ్ళో గిన్నె పట్టుకుని, గడియారం చూసి, నోరు మెదపకుండా కూర్చుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. వి.కోట చేరేసరికి ముహూర్తం నెత్తిమీదికొచ్చింది. అత్త ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువగా "ఇంటాయన ల్యాకుండా, ఆడబిడ్డ ల్యాకుండా ఏం సేసేది? యాడుంటే ఆడనే పాలు పొంగీయమంటాండాడు సామి. ఫోన్లో సూపీయాలంట!" అంది.

"ఆపప్పా" అంది అమ్మ.

రోడ్డు పక్కన ఒక రేకుల టీకొట్టు. అమ్మ మోకాళ్ళదాకా ఎండిన బురదతో, పట్టుచీరతో దిగి, తన ఇత్తడి గిన్నెలోకి ఆవును పిదికి, "ఒగ పొయ్యి ఇస్తావా నాయనా, పాలు పొంగీయల్ల" అని అడిగింది. ఆ కొట్టతను బిక్కమొహం వేశాడు. "మేం పొంగకుండా సూసుకుంటాం గదమ్మా?" అన్నాడు. అయినా టీ గిన్నె దించి పొయ్యి ఇచ్చాడు. నేను ఫోన్ పట్టుకున్నాను. అందులో పురోహితుడి మంత్రాలు సిగ్నలు లేక తెగి తెగి వస్తున్నాయి, అత్త కొంగు అడ్డుపెట్టుకుని నిలబడి ఉంది, వెనక అరటిపిలకలు కట్టిన ఖాళీ గుమ్మం కనబడుతోంది. ఇంటి యజమానైన మామ చెప్పులు విప్పి ఫోనుకు దణ్ణం పెట్టాడు. టీ కోసం వచ్చినవాళ్ళూ పెట్టారు. పాలు పొంగాయి. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏమ్మా అంటే పొగ అంది. అది గ్యాసు పొయ్యి.

అంతలో వెనకనుంచి "నీ గీతల టైర్లు బురదలో..." "నీ గడ్డలు తారు మీద..." అని మళ్ళీ మొదలైంది. అమ్మ గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. "మర్యాద ముందర టైర్లో ఉంటాదా, ఎనక టైర్లో ఉంటాదా? నాకు తెలీకనే అడగతాండా" అంది. ఇద్దరూ తలొంచుకున్నారు. అడిగింది వాళ్ళనే అయినా చూసింది నన్ను. నా చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది, అవతల గృహప్రవేశానికొచ్చిన చుట్టాలందరూ విన్నారు.

మర్నాడే అమ్మ ఎవరి అభిప్రాయమూ అడక్కుండా బండిని మదనపల్లె తోలించి ముందు గీతలవి, వెనక గడ్డలవి మార్పించింది. బండి ఈ రోజుకీ తిన్నగా నడుస్తోంది. ఆ టీకొట్టు ఇప్పుడు హోటలైంది. మామ ఇంట్లోకి రావాల్సిన లక్ష్మి తన అంగట్లోకొచ్చిందని ఆ కొట్టతని నమ్మకం. నేను దిగితే టీకి డబ్బులు తీసుకోడు, అందుకే చున్నీ. నేనిప్పుడు మదనపల్లెలో ఒక ఆఫీసులో కూర్చుంటాను. ఎవరైనా తగవు పెట్టుకుని "మీరే సెప్పండి మేడం" అంటే, కాఫీ తాగుతారా అని అడుగుతాను. తీర్పు చెప్పి ఐస్‌క్రీమ్ రెండోసారి అడిగిన ఆ పిల్ల గుర్తొస్తే సిగ్గూ వేస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది. అమ్మ మటుకు కుప్పం పోయిన ప్రతిసారీ చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడుస్తుంది. ఆ ఇత్తడి గిన్నె తీసి, పాలు పోసి, పొంగి పొయ్యంతా పారేదాకా చూస్తూ నిలబడుతుంది. ఆమె ఇవతలికి వచ్చాక, నేను గుడ్డ తీసుకుని పొయ్యి తుడుస్తాను.