పిట్టలకు వదిలిన మూల

పోయిన చలికాలం మా ఎకరం జొన్నకు వల కట్టించింది నేనే. తప్పు మా ఆయన మీదికి నెట్టేయవచ్చు గానీ, ఆయన ఆ రోజు వద్దనే అన్నాడు.

నారాయణఖేడ్ చుట్టుపక్కల ఇప్పుడు జొన్న వేసేవాళ్లు తక్కువ. ఎటు చూసినా పత్తి, కంది, శనగ. రొట్టె లేకపోతే నాకు తిన్నట్టే ఉండదు కాబట్టి మేం వేస్తాం. ఇంకెక్కడా గింజ లేకపోవడంతో పిట్టలన్నీ మా చేను మీదే వాలుతాయి. అందుకని కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా ఒక ముసలామెను కాపలా పెట్టుకునేవాళ్లం. ఆరేళ్లుగా ఆమే. తెల్లవారుతూనే మంచె ఎక్కి, వడిసెలతో మట్టిపెల్లలు విసురుతూ రోడ్డు దాకా వినపడేలా కేకలు పెట్టేది.

ఒక పొద్దున చెప్పకుండా వెళ్లాను. తూర్పు మూల కంకుల మీద చిలుకలు, పిచ్చుకలు గుంపుగా తింటున్నాయి. ఆమె మంచె మీద కాళ్లు ఊపుకుంటూ చూస్తోంది.

“ఏం అవ్వా, సినిమా చూస్తున్నవా?”

“గా మూల వాటిది బిడ్డా. పొద్దుగాల జరసేపు తిననిస్త. కడుపు నిండినంక ఒక్క కేకేస్తే పోతయ్. ఆకలి మీదున్నదాన్ని ఎంత కొడితే పోతది?”

“చేను నాది, మూల వాటిదా? ఎవరు రాసిచ్చిండ్రు?”

“నేనే ఇచ్చిన.”

“గట్లనా? అయితే రేపటి సంది రాకు.”

ఆమె వడిసెల నడుముకు చుట్టుకుని దిగి వెళ్లిపోయింది. మామూలుగానైతే నాకు దానికే ఒళ్లు మండాలి. మండలేదు. దీపావళికి ముందు మా అక్క పోయింది. మూడు నెలలు హైదరాబాద్ దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని వచ్చాక నాలో నోరొక్కటే పని చేస్తోంది. ఎవరితో పోట్లాడినా అలవాటు కొద్దీ పోట్లాడుతున్నట్టే ఉండేది.

చేపలు పట్టేవాళ్ల దగ్గర పాత నైలాన్ వలలు దొరుకుతాయని ఎవరో చెప్పారు. తెమ్మన్నాను.

“పిట్టలు చిక్కుతయే,” అన్నాడు మా ఆయన.

“చిక్కనియ్. ఒకదాన్ని చూసి పది భయపడతయ్.”

వల కట్టిన మూడో రోజు పొద్దున చేను గట్టు మీద బండి ఆపకముందే చప్పుడు వినిపించింది. మంచుకు తడిసి వల కంకుల మీదికి కుంగింది. గింజ కోసం తల లోపలికి దూర్చినవి వెనక్కి తీసుకోలేకపోయాయి. కొన్ని అప్పటికే వేలాడుతున్నాయి. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి.

బండి డిక్కీలో కత్తెర ఉంది. మొదలుపెట్టాను. పిట్టను గుప్పిట్లో పట్టుకుని, మెడ చుట్టూ బిగిసిన దారాన్ని కత్తెర మొనతో ఒక్కొక్కటే తెంపాలి. తొందరపడితే మెడే తెగుతుంది. గుప్పిట్లో దాని గుండె టకటకా కొట్టుకునేది. నాకేమీ అనిపించేది కాదు. వదిలేసి పక్కదాని దగ్గరికి పోయేదాన్ని. ఒక చిలుక నా బొటనవేలు గోటి దాకా కొరికింది. రక్తం కారితే చేయి మార్చుకున్నాను.

మధ్యాహ్నానికి మా ఆయన వచ్చాడు. నా ముఖంలోకి చూసి, “ఏడుస్తున్నవేమో అనుకున్న,” అన్నాడు.

“ఏడుపొస్తే ఏడుద్దును. వల తాళ్లిప్పు.”

వల తీసేశాం. ఇక కాపలా లేకపోతే నాలుగు రోజుల్లో చేనంతా ఊడ్చుకుపోతుంది, ఏడాది రొట్టెలు పోతాయి. సాయంత్రం ముసలామె ఇంటికి వెళ్లాను.

“వల తీసేసినం అవ్వా. రేపు రా.”

“ఎన్ని సచ్చినయ్?”

“లెక్కపెట్టలే.”

“నువ్వా? లెక్కపెట్టకుంట ఉంటవా నువ్వు?”

“పంతొమ్మిది.”

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

“తాగు. నేనైతే రాను. శనగ పీకనీకి వస్తనని వేరేటోళ్లకు మాటిచ్చిన.”

“తప్పైంది అవ్వా.”

“నాకేం జెప్తవ్? పిట్టలకు జెప్పు.”

“మరి చేను?”

“నువ్వే మంచెక్కు. నా గొంతు కంటే నీదే పెద్దగుంటది.”

మరునాడు చీకటి విడుతుండగా నేను మంచె మీద ఉన్నాను. శనగ చేనుకు పోతూ ఆమె గట్టు దగ్గర ఆగింది. నేను దిగి వెళితే వడిసెల నా చేతిలో పెట్టి ఎట్లా తిప్పాలో చూపించింది.

“పిట్టకు తాకొద్దు. పక్కకు పడాలె, సప్పుడు చాలు. గా తూర్పు దిక్కు పొద్దెక్కేదాంక ముట్టకు,” అని చెప్పి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

దయ అంటే మనసు కరగడమని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నా మనసు ఆ పొద్దున కూడా ఎక్కడిదక్కడే ఉంది. చిలుకలకు దాంతో పని లేదు. తూర్పు మూల వాలి తినడం మొదలుపెట్టాయి. వాటిని అట్లా వదిలేశాను.

అంతలో పడమటి వైపు పిచ్చుకల గుంపు దిగింది. వడిసెల తిప్పి విసిరాను. పెల్ల నా వెనకే పడింది. ఇంకోటి తీసుకున్నాను.