మూటకు మోకాలుండదు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సైకిలు తొక్కే ఆడపిల్లను నేనొక్కదాన్నే. సైకిలు మీంచి పడే ఆడపిల్లనూ నేనే కాబట్టి రెండింట్లోనూ నాకు పోటీ లేదు. అరవదేశంలో, అవినాశికి అవతల, నల్లరేగడి పత్తి చేల మధ్య ఉండేది మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. పడ్డప్పుడు మాత్రం రెండు భాషలూ కలిసే నోట్లోంచి వచ్చేవి.

ఆ ఏడు కోయంబత్తూరులో బడిపిల్లలకు సైకిలు పందెం పెట్టారు. ఆటల టీచరు నన్నడక్కుండానే నా పేరు ఇచ్చేసింది. మా నాయన మూడు రోజులు కుదరదన్నాడు. నాలుగో రోజు, ఈ ఒక్కసారే పో, అన్నాడు. దానికీ ఒక షరతు పెట్టాడు. కాళ్ళు నలుగురికీ కనిపించకూడదు. పావడా కట్టుకుంటే సైకిలు చైను ఊరుకోదు, నిక్కరు వేసుకుంటే నాయన ఊరుకోడు. ఈ ఇద్దరికీ రాజీ కుదిర్చింది పక్కింటి అక్క. ఆమె అవినాశిలో బనీన్ల కంపెనీలో కుట్టుపని చేసేది. కంపెనీలో పక్కన పడేసిన సాగే గుడ్డ తెచ్చి, రెండు సెలవు రోజులు కూర్చుని, నడుం నుంచి మడమ దాకా కాలికి అతుక్కుపోయే ముదురు నీలం పాంటు కుట్టిచ్చింది. దాన్ని తొడుక్కుని నిలబడితే నాయన చాలాసేపు చూసి, "కాలైతే కనపడలేదు" అన్నాడు. కాలి ఆకారం సంగతి ఆయన అడగలేదు, మేమూ ఎత్తలేదు.

పందెం ఆదివారం పొద్దున. శనివారం మధ్యాహ్నం నేను పడ్డాను.

ఎలా పడ్డానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఎదురుగా బస్సు లేదు, దారిలో గుంట లేదు, అడ్డంగా కుక్క కూడా లేదు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు నలుగురు నన్నే చూస్తున్నారని రెండు చేతులూ వదిలాను. నేను చేతులే వదిలాను, సైకిలు నన్నే వదిలేసింది. గులకరాళ్ళ మీద అంత దూరం ఈడ్చుకుపోయి లేచి చూసుకుంటే కుడి మోకాలి చిప్ప మీదుగా తొడ పక్క దాకా జానెడు చిరుగు. చిరుగులోంచి ఎర్రగా నా మోకాలు. ఏడుపొచ్చింది, కానీ మోకాలికి కాదు. తోలు మళ్ళీ వస్తుంది, గుడ్డ రాదు. అమ్మా నాయనా మండీకి పత్తి వేసుకుని పోయారు, పొద్దుగూకే సరికి వచ్చేస్తారు. 'ఈ ఒక్కసారే' అన్న మాటలోని ఆ ఒక్కసారీ నా కళ్ళ ముందే నెత్తురోడుతోంది.

అక్క దగ్గరికి పోదామంటే ఆమె ఇంకా కంపెనీనుంచి రాలేదు. వచ్చినా ఏ ముఖంతో పోను? రెండు సెలవులు పోగొట్టుకుని కుట్టింది. చేతులు వదిలి తొక్కానని ఎలా చెప్పను? అందుకని నాకు తోచిన వైద్యం నేనే చేశాను. బడి సంచిలోంచి ఇంకు బుడ్డి తీసి, చిరుగులో కనిపించే కాలికి నీలం ఇంకు పూశాను. దూరం నుంచి గుడ్డలాగే ఉంటుందని నా ఆశ. గాయం మీద ఇంకు పడితే ఎలా ఉంటుందో ఎవరూ ప్రయత్నించి చూడకండి. నేను వేసిన కేకకు పెరట్లో ఉన్న మా అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటికే ఆ కేకలు? ఊరు మునిగిపోయిందా?" అంది. విషయం తెలిశాక, "పోదుం, ఏడ్చింది చాలు. ఇట్ల ఇయ్యి. ఎన్ని మూటలు కుట్టిన చెయ్యో తెలుసునా ఇది?" అని పాంటు లాక్కుంది.

ఆ మాట అబద్ధం కాదు. పత్తి మూటల మూతి కుట్టడంలో మా అవ్వను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. మైనం రాసిన దారంతో, ఒక్కో కుట్టుకూ పళ్ళు బిగబట్టి లాగి, మూడు కుట్లకొక ముడి వేసేది. ఆమె కుట్టిన మూటను బండి మీంచి కిందికి తోసినా పీచు బయటికి వచ్చేది కాదు. నా పాంటునూ అలాగే కుట్టింది. ఒళ్ళో చాపలా పరిచి, రెండంచులూ దగ్గరికి లాగి, బిగించి బిగించి కుట్టింది. చూడడానికి ఎంత ముచ్చటగా ఉందంటే నేను ఆమె మెడ పట్టుకుని వేళ్ళాడాను. తొడుక్కుని, సైకిలెక్కి, తొక్కడానికని మోకాలు వంచాను.

టప్పుమంది. మళ్ళీ టప్పు, టప్పు, టప్పు. వంగి చూస్తే దారం చెక్కు చెదరలేదు. దాని పక్కన గుడ్డే తెగింది. జానెడు చిరుగు జానాబెత్తెడయింది, అంచులు దువ్వెన పళ్ళలా విడిపోయాయి. అవ్వ చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. ఆ చేతుల్ని అలా ఊరికే ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి.

నేను పోయి పత్తి మూటల వెనక నక్కాను. నాయన వచ్చాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. తిట్టడు, కొట్టడు. 'సరి, పోనీలే' అంటాడు. ఆ మాటతో సైకిలు అటకెక్కుతుంది, దాంతోపాటు నేనూ. గుడ్డ సాగుతుందేమో గానీ నా బతుకులో ఇంక ఏదీ సాగదనిపించింది. పదమూడేళ్ళకు అంతకన్న పెద్ద చీకటి ఉంటుందని నాకు తెలియదు.

అప్పుడు చూశాను. మా అవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి వైపు పోతోంది. ఎవరి గడపకూ పోయి సాయమడిగిన మనిషి కాదామె. అడగడం కన్నా లేకుండా ఉండడమే మేలనుకునే రకం. కంపెనీ బస్సు దిగి, సంచి ఇంకా భుజాన ఉన్న అక్కను గుమ్మంలోనే పట్టుకుని, "నేను చెడగొట్టేసినాను, పాపా. నువ్వు వచ్చి చూడు" అంది. చింపింది నేను. ఆ మాట మాత్రం ఆమె ఎత్తలేదు.

అక్క వచ్చింది. నన్ను మూటల వెనకనుంచి లాగి, నా కాలు చూసి, "ఏమి అమ్మణీ, ఇది కాలా, ఇంకు బుడ్డా?" అంది. నేను ఎలా పడ్డానో అడగనే లేదు. అడగకపోవడం కూడా ఒక సాయమని నాకప్పుడు తెలియదు.

"సైకిలు స్టాండు వేసి ఎక్కి కూకో. రేపు ఎట్ల వంగుతావో అట్ల వంగు. ఫోటోకి వంగినట్ల కాదు, నిజంగా వంగు."

వంగాను. వంచిన మోకాలి చుట్టూ ఒక దారం తిప్పి కొలిచింది. ఆ దారం పట్టుకుని మా వంటింట్లోకి పోయి గిన్నెలకూ చెంబులకూ చుట్టి చూసింది. చివరికి ఒక ఇత్తడి చెంబు సరిపోయింది. దాన్ని పాంటు కాలులోకి దూర్చి, చిరుగు సరిగ్గా చెంబు పొట్ట మీదికి వచ్చేలా సర్దింది. నా మోకాలు వంగినప్పుడు గుడ్డ ఎంత సాగాలో అంతా సాగి నిలిచింది.

"మీ కుట్టులో తప్పేమీ లేదు అవ్వా. మూట ఒకచోట కూకుంటుంది, దానికి మోకాలుండదు గదా. ఇది వంగేది. వంచిపెట్టే కుట్టాల."

"దీన్ని మూటనుకున్నానా నేను?" అంది అవ్వ, కొంచెం రోషంగా.

"మీ మనమరాల్ని చూస్తే ఎవరైనా అట్లనే అనుకుంటారు."

అవ్వ నవ్వింది. నవ్వు నా ఒళ్ళు చూసి వచ్చిందే అయినా, ఆ పూట దానికి నేను చాలా రుణపడ్డాను.

అతుకు వెయ్యడానికి అదే గుడ్డ కావాలి. మిగిలిన ముక్కను అక్క అప్పటికే తన ఊరుగాయ జాడీ మూతికి వాసెనగా కట్టేసింది. దాన్నే విప్పి, ఉతికి, పిండి తెచ్చింది. పాత బనీను అంచు లాగితే వచ్చే, ఉన్నిలా మెత్తగా సాగే దారం తీసింది. అవ్వను చెంబు కదలకుండా పట్టుకోమంది. ఆ చేతులకు మళ్ళీ పని దొరికింది. అక్క కుట్టు ఎక్కడా తిన్నగా పోలేదు. పాము నడిచినట్టు అటూ ఇటూ పోయింది. ప్రతి కుట్టు దగ్గరా దారాన్ని లాగకుండా కాస్త వదులుగా వదిలేసింది.

పొద్దుగూకింది. నాయన వచ్చేసరికి నేను పాంటు తొడుక్కుని నిలబడి ఉన్నాను. ఆయన అతుకు చూశాడు, అవ్వను చూశాడు, అక్కను చూశాడు.

"వంగు" అన్నాడు.

వంగాను. కళ్ళు మూసుకుని టప్పుమనే చప్పుడు కోసం ఎదురు చూశాను. ఏమీ వినపడలేదు.

"కాలైతే కనపడలేదు" అని నాయన కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు పందెంలో నేను వెనకనుంచి మూడోదాన్ని. ఎంత ఉతికినా ఆ వాసెనగుడ్డలో కారం పోలేదు. మోకాలి గాయం దారి పొడుగునా మండుతూనే ఉంది. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు, ఆ మంటకే అయి ఉంటుంది. పాంటు మాత్రం చివరిదాకా నిలిచింది.

తర్వాత రెండు రోజులకు దాన్ని ఉతుకుతుంటే ఒకటి కనిపించింది. చిరుగు పై కొనలో, పాంటు పక్క కుట్టును తాకేచోట, ఐదు కుట్లు వేరేగా ఉన్నాయి. మైనం రాసిన దారం, పళ్ళు బిగబట్టి లాగిన బిగువు. అవ్వవి. మిగతావన్నీ విప్పేసిన అక్క అవి మాత్రం ఎందుకు వదిలిందని పోయి అడిగాను.

"ఆడ గుడ్డ సాగే పని లేదు. బాగున్న కుట్టు, ఏమిటికి విప్పేది?" అంది, బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా.

అప్పటికే మా వీధంతా అవ్వ చెబుతూ తిరుగుతోంది, పక్కింటి పాపా తానూ కలిసి కుట్టారని. అది అబద్ధం కాకుండా అక్క ఐదు కుట్లు ఉంచింది.

నేను ఇప్పుడు అవ్వనయ్యాను. పనులు నాకన్న ఎవరికీ సరిగా రావనుకునే వయసు ఇది. ఎవరైనా చేసింది దిద్దాల్సి వస్తే మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెడదామని చెయ్యి ముందుకు పోతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఇందులో వాళ్ళ కుట్లు ఏవి ఉంచొచ్చో వెతుకుతాను. వెతికితే, ఐదైనా దొరకని పని నాకింతవరకు కనపడలేదు.