గంజి పెట్టిన కారు

నాకు పదకొండేళ్లప్పుడు... సిరిసిల్లలో మా ఇంటి ముందుకు ఒక కారు వచ్చింది. తనంతట తాను కాదు... రెండు ఎడ్లు లాక్కొస్తే వచ్చింది.

వీర్నపల్లి వైపు ఒక దొర కొట్టంలో ఏళ్ల తరబడి కోళ్లు పడుకున్న కారు అది. ఇంగ్లీషువాళ్ల కాలం నాటిది. గుడ్డ కప్పు ఎలుకల పాలు, వెనక సీటు చెదల పాలు. సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మా బాపు దాన్ని అగ్గువకు కొని, కొత్తకోడలిని తెచ్చినంత సంబురంగా తెచ్చాడు. అమ్మ హారతి పట్టలేదు గానీ చీపురు తెచ్చింది... తెచ్చి నా చేతికిచ్చింది.

"గిది నడిచిన నాడు ముందల సీట్ల నువ్వే కూసోవాలె బిడ్డా" అన్నాడు బాపు.

ఆ ఒక్క మాట మీద రెండు నెలలు కోళ్ల రెట్ట గీకాను... గరుకు కాగితంతో తుప్పు రుద్దాను. అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. బడి బందు కాబట్టి నాకు వేరే పని కూడా లేదు. హైదరాబాదు నుంచి సామాన్లు తెప్పిద్దామంటే బస్సులూ బందే. సాంచా తోలు పట్టీని కోసి బాపు ఇంజను ఫ్యానుకు బిగించాడు. ముందు సీట్లో చిక్కుపడిన నూలు కుక్కాం. ఆ సీటు నేను కుక్కిందే... కూర్చోవడానికి కొలత కూడా నాదే.

అప్పుడు దిగింది విమల.

మా పెద్దనాయన బిడ్డ. జగిత్యాల నుంచి వచ్చింది. పెద్దనాయన అక్కడ పంతులు, ఉద్యమంలో తిరిగి జైలుకు పోయాడు. పెద్దమ్మ ఒక్కతే చూసుకోలేక పిల్లను మా ఇంటికి పంపింది. నాకంటే మూడు నెలలు చిన్నది... అయినా నోరారా "అక్కా" అని పిలిచేది. అంత మర్యాద ఉన్న పిల్లలను నేను అప్పుడే కాదు, ఇప్పుడూ భరించలేను.

వాడకట్టంతా దానికోసం వచ్చేది. "బాపు ఎట్లున్నడే" అని అడిగి, పుట్నాలో బెల్లం ముక్కో చేతిలో పెట్టి పోయేవారు. ఎందుకు దాచాలి... దాని బాపు జైల్లో ఉన్నందుకు కూడా నాకు కుళ్లే. మా బాపును పట్టుకుపోవాలని ఒక్క పోలీసుకైనా తోచలేదు. కారు కింద పడుకున్న మనిషి ఎవరికి కనిపిస్తాడు?

బందులో బండి ఆపకుండా ముందు రేకు మీద 'జై తెలంగాణ' అని సున్నంతో రాయాల్సి వచ్చింది. బాపు విమలతో రాయించాడు. నా దస్తూరీ బాగుండేది. ఈ సంగతి ఈ రోజుకైనా నమోదు కావాలి.

కారు నడిచిన వారానికే కబురు వచ్చింది. పెద్దనాయనను విడిచిపెట్టారు, మరునాడు జగిత్యాల చేరుతున్నాడు. బస్సులు లేవు. విమలను కారులోనే తీసుకుపోతానన్నాడు బాపు. అప్పటిదాకా సందుల్లో తిప్పి చూడటమే గానీ, పక్క సీట్లో ఎవరినీ ఎక్కించలేదు. వెనక సీటు ఉండాల్సిన చోట నీళ్ల బిందెలు... రేడియేటరు కారేది. కూర్చోవడానికి ఉన్నది ఒకే సీటు.

"మరి నేను?" అన్నాను.

"అది బాపును సూసి మూన్నెల్లాయె. నీ బాపు నీ ముంగటనే ఉన్నడు గదనే" అన్నాడు.

మాట న్యాయమే. న్యాయమైన మాటకే ఎక్కువ మండుతుంది.

ఇక మిగిలింది కప్పు. ముతక గుడ్డ బాపు తానే నేసి దర్జీతో కుట్టించాడు. నేత ఇంట్లో గంజి పెట్టని గుడ్డ గడప దాటితే తలవంపులు. కాబట్టి కారు కప్పుకూ చిక్కటి గంజి పట్టించి ఎండేశాడు. తప్పెటలా బిగిసింది. వేలితో కొట్టి చూసుకుని మురిసిపోయాడు.

వానకు గంజి కరుగుతుందని ఆయనకు తోచలేదు. నాకు తోచింది. వేములవాడ వైపు మబ్బు పట్టడం కూడా చూశాను... నోరు విప్పలేదు. ఈ మాట విమలకు ఇంతవరకు చెప్పలేదు. ఇక్కడ చదివి తెలుసుకుంటుంది.

వేములవాడ దాటగానే వాన దంచిందట. గంజి మొత్తం దాని నెత్తి మీదే. జుట్టు అట్టలు కట్టి, ముఖం మీద చారలతో ఇంటి ముందు దిగితే పెద్దనాయన బిడ్డను ఆనవాలు పట్టలేదట. పట్టాక... నవ్వీ నవ్వీ ఏడ్చి, బావి దగ్గర కూర్చోబెట్టి తన చేతులతోనే తలంటి పోశాడట.

మరునాడు బాపు ఒక్కడే తిరిగొచ్చి ఇదంతా చెబుతుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒకటే మంట... మా బాపు నాకు ఒక్కనాడైనా తలంటి పోశాడా? నేను దాచిన మబ్బు కూడా దానికే మేలు చేసిపెట్టింది.

బాపు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "రా బిడ్డా, కూసో. బస్టాండు దాంక పోయొద్దాం."

"నాకద్దు" అన్నాను.

ఇంకొక్కసారి అడుగుతాడనుకున్నాను. అలసిపోయి ఉన్నాడు పాపం... తలుపు వేసి లోపలికి పోయి పడుకున్నాడు. నాలుగు రోజులకు ఇంజను పట్టేసింది. మళ్లీ లేవలేదు. మరుసటి ఏడాది పాత ఇనుము వాళ్లు విప్పుకుపోయారు. ఆ సీట్లో నేను కూర్చోనే లేదు.

ఇప్పుడు మా ఇంటి కారులో ముందు సీటు నాదే. మోకాళ్ల నొప్పులని మర్యాదగా వదిలేస్తారు. మనవరాళ్లు కొట్లాడరు, అలగరు... ఎవరూ కావాలనని సీట్లో కూర్చుంటే ఎంత దూరం పోయినా పోయినట్టుండదు.

రోషానికి పోయి "నాకొద్దు" అన్నది మీకూ ఒకటి ఉండే ఉంటుంది... రాయండి. నాకంటే పెద్దది పోగొట్టుకున్నవాళ్లుంటే మాత్రం, ముందే చెబుతున్నాను... దానికీ కుళ్లుకుంటాను.