టైరు అంచు

ఈ ఎడారి దేశంలో, సబ్హాన్ నుంచి రిగ్గై వైపు వెళ్లే బస్సులో నా పక్క సీటతను ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. నాకు చిరాకేసింది. తెలుగువాళ్లమని తెలియగానే ఫోన్ తీశాడు. పిల్లల ఫోటోలు చూపిస్తాడనుకున్నాను. రెండు పాత బైకు టైర్లు చూపించాడు.

"ఇది ఈడ తిరిగిన బండిదక్కా. రోడ్లన్నీ తిన్నగా ఉంటాయి గదా, నడిమధ్యనే అరిగింది. ఇంగ ఇది మా కఫీల్ ఓడలో ఇటలీకి పంపిచ్చుకున్న బండిది. ముందర గైడు, వెనక మా కఫీలూ ఆయన దోస్తులూ, ఎనిమిది దినాలు కొండలెంబడి తిరిగొచ్చినారు. చూడు, అంచు దాకా అరిగింది."

అతను ఆ యజమాని దగ్గరే మెకానిక్కు. ఆ కొండల్ని టైరు మీదే చూశాడు.

"ఈసారి బండ్లెనక వ్యానులో నన్నూ రమ్మంటాండాడు. పోతే ఈ ఏడు ఇంటికి పోయే సెలవు ఖలాస్. పాపను చూసి మూడేండ్లాయె. సాయంత్రానికి ఏందో ఒగటి చెప్పాల."

పాప దగ్గరికే పొమ్మనే మాట నా నోటిదాకా వచ్చింది. అంతలో బస్సు రౌండెబౌట్ తిరిగింది. మేమంతా బయటివైపుకు తూలాం. అతనొక్కడే, బైకు మీద ఉన్నట్టు, మలుపులోకి ఒరిగాడు.

"వస్తానక్కా" అని తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఇప్పుడు డ్యూటీకి ఎంత ఆలస్యమైనా, మా ఆసుపత్రి పార్కింగులో పెద్ద బైకు కనిపిస్తే వంగి టైరు తడుముతాను. నడిమధ్య నున్నగా అరిగి ఉంటుంది. అంచున మాత్రం కొత్త రబ్బరు నూగు ఇంకా చేతికి తగులుతుంది.