అమ్మ నివాస్‌లో ఇంకో ఐ

మా గేటు పక్కన గ్రానైటు పలక పెట్టించినప్పుడు, దాన్ని చదవడానికి జనం సైనిక్‌పురి చౌరస్తా దాకా వరుస కడతారనుకున్నాను. ఇన్నేళ్లలో దాని ముందు ఆగింది మా వీధి కుక్క ఒక్కటే. అది చదవడానికి ఆగలేదు.

పలక మీద AMMA NIVAS అని ఉంటుంది. రెండు ఎమ్‌లూ, ఐ, వి మాత్రం మిగతా అక్షరాల కన్నా ఎత్తు. పాతకాలపు శిలాఫలకాల మీద ఇలా అక్షరాల్లో ఏడాదిని దాచే ఆట ఒకటుంది. రోమన్ అంకెల్లో ఎమ్ అంటే వెయ్యి, వి అంటే ఐదు, ఐ అంటే ఒకటి. ఏది ముందున్నా కూడుకుంటూ పోవడమే. రెండువేల ఆరు. ఇల్లు పూర్తయిన ఏడాది. అమ్మ ఈ ఇంట్లో ఉన్నదీ ఆ ఒక్క ఏడాదే. డిసెంబరు దాటలేదు.

ఎవరో ఒకరు అది కనిపెట్టి అడుగుతారనీ, గంగాళమంత టీ పెట్టి అమ్మ గురించి వారం రోజులు చెప్పవచ్చనీ నా ఆశ. చీమను ఏనుగు చేసి చెప్పే నోరే నాది. అడగందే అమ్మ మాట మాత్రం పైకి రాదు.

కొరియర్ మనిషి ఒకసారి, "చెక్కినోడు మోసం జేసిండు సార్, అక్షరాలు ఎచ్చుతగ్గులైనయ్" అని ఓదార్చి పోయాడు.

మొన్న ఆదివారం, ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన అక్క పలక ముందు నిలబడి వేళ్లు మడుస్తూ లెక్కపెడుతోంది. నేను రెండంగల్లో గేటు దగ్గర వాలాను.

"లెక్క తేలిందా అక్కా?"

"తేలింది తమ్మీ. ఎనిమిది."

నా గుండె మౌలాలి గుట్టెక్కి అక్కణ్నుంచి దొర్లింది.

"ఎనిమిదేంది?"

"న్యూమరాలజీల అక్షరాల విలువలు కూడితే గంతే. శని నంబరు. గందుకే నీ ఇంటికి మనిషి రాడు. జెర ఒక ఏ చేర్పించు, లేకుంటే ఇంకో ఐ. రెండిటికీ ఒకటే విలువ. తొమ్మిదైతది."

"తొమ్మిదైతే?"

"మనుషులొస్తరు. నేను సుత వచ్చి చూస్త."

లోపలికొచ్చి కూర్చున్నాను. నా లెక్కలో ‘ఏ’కు విలువ లేదు. అది చేర్పిస్తే అక్క మాటా దక్కుతుంది, అమ్మ ఏడాదీ చెదరదు. ఐ చేర్పిస్తే అమ్మకి ఇంకో ఏడాది కలిసి రెండువేల ఏడవుతుంది. అమ్మ నాటిన జామ తొలిసారి కాసిన ఏడాది. ఆ కాయలు నేనొక్కణ్నే తిన్నాను.

మర్నాడు రెజిమెంటల్ బజార్ వెళ్లి రాయి చెక్కే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను. ఎన్‌కీ ఐకీ నడుమ సందులో నిలువుగీత చెక్కి, ఉఫ్‌మని పొడి ఊదాడు.

"ఇంకేమన్న ఉందా సార్?"

"ఇంకెన్ని ఐలు పడ్తయ్?"

ఆయన టేపు తీసి కొలిచాడు. రెండోసారి కూడా కొలిచాడు.

"జాగా లేదు సార్. గీ ఒక్కటే పట్టింది."