సమ్మమ్మకు అందని సత్ప్రసాదం

మా చిన్నమ్మ సమ్మమ్మకు పదకొండేళ్లు ఒకటే కోరిక: అందరితో పాటు తానూ చర్చి పూజలో ఫాదర్ ఇచ్చే దీవించిన అప్పం, సత్ప్రసాదం, తీసుకోవాలని. నర్సంపేట దగ్గర మా ఊళ్లో, 1973లో, ఆ ఇంట్లో ఆమె ఒక్కతే జ్ఞానస్నానం తీసుకుంది. ఆమె భర్త, మా చిన్నబాపు రాయమల్లు, తాను తీసుకోలేదు గానీ ఆమెకు అడ్డమూ రాలేదు.

మా గుడిలో మతపాఠాలు చెప్పే ఉపదేశి అన్నీ తెలిసినట్టే మాట్లాడేవాడు. పందిట్లో పుస్తె కట్టిన పెళ్లి దేవుని ముందు పెళ్లి కాదనీ, గుడిలో పీఠం ముందు మళ్లీ చేసుకునేదాకా సత్ప్రసాదం ముట్టకూడదనీ ఆమెకు చెప్పాడు. ఫాదర్ నెలకో ఆదివారం వచ్చి, పూజ చెప్పి, జీపెక్కి పోయేవాడు. ఆయన్ని అడిగి తెలుసుకుందామన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు, నాకూ పుట్టలేదు. అందరూ వరుసలో ముందుకు పోతుంటే చిన్నమ్మ చాప మీదే మోకరించి, పోయేవాళ్ల వంక ఆశగా చూసేది. చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

ఒక్కసారి గుడికొచ్చి పక్కన నిలబడమని చిన్నబాపును ఆమె బతిమాలని వారం లేదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసి, వారానికోసారి ఇల్లు చేరేవాడు. కాళ్లు కడుక్కోకముందే ఇదే పోరు. ఆయనా మెత్తబడలేదు.

"అప్పుడు చేసుకున్నది పెండ్లే గదనే. మళ్ల చేసుకుంటె, ముగ్గురు పిల్లలు ఉత్తగనే పుట్టినట్టు గాదా?"

నన్ను పాపంలో ఉంచింది నువ్వేనని ఆమె తిట్టేది. ఆయన కండువా భుజాన వేసుకొని బయటికి పోయేవాడు. 1984 ఎండాకాలంలో జ్వరం ముదిరి, దవాఖానకు తీసుకుపోతుండగానే చిన్నబాపు ప్రాణం పోయింది.

అదే ఏడు కొత్త ఫాదర్ వచ్చాడు. పలకరించడానికి ఇంటికొచ్చి, సత్ప్రసాదం ఎందుకు తీసుకోవడం లేదని అడిగాడు. మళ్లీ పెళ్లి చేసుకుందామంటే మనిషే లేకుండా పోయాడని చిన్నమ్మ చెప్పింది. ఫాదర్ సంగతంతా విన్నాడు. ఇద్దరికీ జ్ఞానస్నానం లేని రోజుల్లో మనస్ఫూర్తిగా ఒప్పుకొని చేసుకున్న పెళ్లి దేవుని ముందు మొదటి రోజు నుంచీ పెళ్లేనని, ఆమెను ఆపాల్సిన పనే లేదని చెప్పాడు.

నాకు ఉపదేశి మీద ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లు.

తర్వాతి పూజలో ఆమె మొదటిసారి వరుసలో నిలబడింది. సత్ప్రసాదం తీసుకొని వచ్చి నా పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఇన్నాళ్లకు అందింది కదా, ఇంకా ఎందుకు ఏడుస్తున్నావని అడిగాను.

"మీ చిన్నబాపు ఒక్క పూట వస్తె చాలు బిడ్డా. నువ్వన్నదే నిజమాయె, నేను నీ పెండ్లాన్నే అని చెప్పుకుందును."