నేనివ్వని అనుమతి

ఫలానా ఇంట్లో దెయ్యముందని ఎవరైనా అంటే, ముందు ఆ ఇంటి వైరింగ్ చూపించమనే మనిషిని నేను. పదేళ్లుగా కంప్యూటర్ల పనిలో ఉన్నాను. దేనికైనా కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మేదాన్ని.

మాది పెనుకొండ. హిందూపురంలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ నేనే చూసుకుంటాను. ఎవరు పాస్‌వర్డు మర్చిపోయినా నా టేబుల్ దగ్గరికి రావాల్సిందే. "అక్కా, మళ్లా మర్చిపోతినక్కా" అంటూ మేనేజర్ తప్ప అందరూ వచ్చి నిలబడేవాళ్లు. పైకి విసుక్కునేదాన్ని గానీ, వాళ్లలా నిలబడటం నాకు ఇష్టంగానే ఉండేది.

పోయినేడు చెన్నేకొత్తపల్లి నుంచి శైలజ అనే అమ్మాయి కాంట్రాక్టు మీద చేరింది. రెండో నెలకే ఒక ప్రోగ్రాం రాసింది. మర్చిపోయినవాళ్లు తమ ఫోన్లోంచి అడిగితే చాలు, ప్రోగ్రామే సర్వర్‌తో మాట్లాడి పాస్‌వర్డు మార్చేస్తుంది. మధ్యలో మనిషి అక్కర్లేదు. కాకపోతే ఆ అధికారాన్ని ప్రోగ్రాంకి అడ్మిన్ ఒక్కసారి ఇవ్వాలి. అడ్మిన్‌ని నేను. నా పాస్‌వర్డు కొట్టి, నా ఫోన్లోని యాప్‌లో మాత్రమే వచ్చే కోడ్ వేసి, కారణం రాసి ఒప్పుకోవాలి.

"మీరు ఒకసారి నొక్కితే సాలక్కా. ఆమీద మీకు ఈ బాధే ఉండదు" అంది శైలజ.

కడుపు మండిపోయింది. పదేళ్లలో నాకు తట్టనిది ఈ పిల్లకు రెండు నెలల్లో ఎలా తట్టింది? తప్పు దొరుకుతుందేమోనని ఆ ప్రోగ్రాం మొత్తం రెండుసార్లు చదివాను. దొరకలేదు. ఇంకా మండింది.

చూస్తాను, చూస్తాను అంటూ రెండు వారాలు జరిపాను. శుక్రవారం లోపల ప్రోగ్రాం పని మొదలుపెట్టకపోతే శైలజ కాంట్రాక్టు పొడిగించేది లేదని మేనేజర్ తేల్చేశాడు.

గురువారం సాయంత్రం నా ఫోన్ బస్సు మెట్ల మీద పడి ఆగిపోయింది. దాచడమెందుకు, నాకు సంతోషమేసింది. ఫోన్ లేకపోతే కోడ్ రాదు, నింద నా మీదికి రాదు. శుక్ర, శనివారాలు సెలవు పెట్టి ధర్మవరంలో మా చెల్లెలి ఇంటికి పోయాను.

శుక్రవారం అక్కడే రిపేరు షాపులో ఫోన్ ఇచ్చాను. పదకొండు నుంచి ఒంటిగంట దాకా స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. వెనక మూత, బ్యాటరీ, బోర్డు బల్ల మీద విడివిడిగా ఉన్నాయి. "దీంట్లో ప్రాణమే లేదక్కా. కొత్తది తీసుకో" అన్నాడు షాపతను.

సోమవారం ఆఫీసులో అడుగుపెట్టగానే శైలజ వచ్చి నా చేతులు పట్టుకుంది. "మీరు ఇయ్యరేమో అనుకుంటినక్కా. తప్పుగా అనుకుంటి" అని ఏడ్చేసింది.

గబగబా కంప్యూటర్ తెరిచి చూశాను. శుక్రవారం పన్నెండుంబావుకు అనుమతి నమోదైంది. నా పేరుతో, నా ఫోన్ కోడ్‌తో. కారణం రాసే గడిలో నేనెప్పుడూ ఇంగ్లీషే రాస్తాను. అక్కడ మాత్రం మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఉంది.

"పిల్ల బాగా చేసిండాది. ఇస్తాండా."

సర్వర్ గడియారం సరిగానే ఉంది. బయటివాళ్లు చొరబడిన జాడ లేదు. శైలజే చేసిందేమోనని ఆశగా వెతికాను. ఆ సమయానికి ఆ పిల్ల మేనేజర్ ఎదురుగా నిలబడి, ఇంకో వారం గడువు కోసం బతిమాలుతోందట. నా పాస్‌వర్డు నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు.

శైలజ ఉద్యోగం నిలిచింది. నా టేబుల్ దగ్గరికి ఇప్పుడు ఎవరూ రారు. అక్కది పెద్ద మనసని మాత్రం అంటుంటారు. కాదని చెప్పే ధైర్యం లేక తల ఊపుతాను.

ఇదంతా ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. శైలజ మీద కుళ్లు మెల్లగా పోయింది. నా పేరుతో ఆ రెండు మాటలు రాసినామె మీద మాత్రం పోలేదు.